గోడ తుడిచే పెద్దాయన

సబ్బునీళ్ళు ఆమె చెప్పుల మీద పడ్డాయి.

"కాస్త చూసుకుని తుడవకూడదూ, పెద్దాయనా!" అని కసిరింది.

"తప్పయిపోయిందమ్మా," అంటూ ముసలాయన బకెట్ పక్కకు జరుపుకున్నాడు.

పార్కు మూలన నల్లరాతి గోడ. కట్టి నెల కూడా కాలేదు. దాని మీద యుద్ధంలో చనిపోయిన ముప్ఫై ఒక్క మంది సైనికుల పేర్లు చెక్కారు. నాలుగో వరసలో మొదటి పేరు ఆమె కొడుకుది. పదాతిదళంలో లెఫ్టినెంట్. పోయేనాటికి ఇరవై నాలుగేళ్ళు.

ఆమె బడిపిల్లలకు యూనిఫాంలు కుట్టే దర్జీ. భర్త ఎప్పుడో పోయాడు. వారమంతా ఇంట్లో వినిపించేది మిషను చప్పుడొక్కటే. ఆదివారం మధ్యాహ్నం మాత్రం మిషను మీద గుడ్డ కప్పి, రెండు బస్సులు మారి ఇక్కడికొచ్చి కూర్చుంటుంది.

"నాలుగో వరస సరిగ్గా తుడవలేదు నువ్వు. అక్షరాల్లో మట్టి అలాగే ఉంది," అంది.

అతను జేబులోంచి పాత టూత్‌బ్రష్ తీసి, మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కో అక్షరం తోమాడు.

అప్పట్నుంచి ఆమెకు మాట్లాడుకోవడానికి ఒక మనిషి దొరికాడు.

"మావాడికి చిన్నప్పుడు బల్లి అంటే హడలు. గోడ మీద కనిపిస్తే చాలు, నా వెనక నక్కేవాడు. అలాంటోడి చేతికి తుపాకీ ఇచ్చారు చూడు!"

ముసలాయన నవ్వాడు. "పాటలు పాడేవాడటగా?"

"నీకెలా తెలుసు?"

"వచ్చేపోయేవాళ్ళు చెప్పుకుంటుంటారమ్మా."

"పాటలా! గాడిద గొంతు వాడిది. ఎంత మొత్తుకున్నా ఆపేవాడు కాదు."

ఆమె కూడా నవ్వింది. నవ్వాక తన గొంతు తనకే కొత్తగా అనిపించింది.

కొడుకు పోయి సరిగ్గా ఐదేళ్ళయిన ఆదివారం ఆమె ఉబ్బిన కళ్ళతో వచ్చింది.

"పట్టపగలు, పైనుంచి కాల్పులు జరుగుతుంటే, చాటుకి ఒక్క చెట్టయినా లేని కొండ ఎక్కమన్నారట. ఎవడన్నాడు ఆ మాట? నాలుగు ఉత్తరాలు రాశాను. చింతిస్తున్నామని అచ్చేసిన కాగితం పంపించి ఊరుకున్నారు."

ముసలాయన గుడ్డ పిండుతున్నాడు.

"ఎవడో పెద్ద ఆఫీసరే అయ్యుంటాడు. ఏ మేడలోనో కాలు మీద కాలేసుకుని కూర్చునుంటాడు. వాడి కడుపు కాలా! ఒక్క రాత్రి కూడా వాడికి కంటి మీద కునుకు పడకూడదు."

"పడదమ్మా."

"నువ్వు చూసొచ్చావా ఏంటి?"

అతను నీళ్ళు మార్చాలంటూ కుళాయి దగ్గరికి వెళ్ళాడు. బకెట్ నిండి పొర్లిపోతున్నా కుళాయి కట్టకుండా అలాగే నిలబడ్డాడు.

ఎవరి మీదో కోపం ఈ ముసలాయన మీద చూపించానే అని వారమంతా ఆమె మనసు పీకుతూనే ఉంది. మళ్ళీ ఆదివారం సంచిలోంచి రెండు చిన్న మెత్తలు తీసింది. యూనిఫాం గుడ్డ ముక్కలు దట్టంగా కూరి, కట్టుకోవడానికి తాళ్ళు కూడా కుట్టింది.

"ఆ రాయి మీద ఆనించి మోకాళ్ళు పాడుచేసుకుంటున్నావు. ఇవి కట్టుకో."

అతను వాటిని అందుకుని, కుట్లు వేలితో తడిమాడు.

"నాకివి తగవమ్మా."

"ఎందుకు తగవు? కొలతకే కుట్టాను. నలభై ఏళ్ళుగా దర్జీని, ఆమాత్రం తెలీదా నాకు?"

తాళ్ళు ఆమే కట్టింది.

తర్వాత ఏడాదికి పైగా ఒక్క ఆదివారం తప్పలేదు. ఉన్నట్టుండి ఒకసారి అతను రాలేదు. మరో ఆదివారమూ రాలేదు. ఆ పైవారమూ అంతే. గోడ మీద దుమ్ము, పిట్టల రెట్టలు. ఆమె తన రుమాలుతో అందినంత మేర తుడిచి, ముప్ఫై ఒక్క పేర్ల ముందు ఒక్కతే కూర్చుంది.

సోమవారం కుట్టుపని ఆపేసి పార్కు ఆఫీసుకు వెళ్ళింది.

"గోడ తుడిచే పెద్దాయన్ని పనిలోంచి తీసేశారా? ఒంట్లో బాగోలేదంటే ఇల్లెక్కడో చెప్పండి. వెళ్ళి చూసొస్తాను."

గుమాస్తా తలెత్తాడు. "ఆ గోడకి మేమెవర్నీ పెట్టలేదమ్మా."

"అదేంటి? మోకాళ్ళ మీద కూర్చుని తోముతుంటాడే, ఆయన!"

"ఆయనా..." గుమాస్తా గొంతు తగ్గించాడు. "పోయారమ్మా. గుండెపోటు. మూడు వారాలు కావస్తోంది."

ఆమె బల్ల అంచు పట్టుకుంది.

"పేరైనా అడగలేదు నేను," అంది.

గుమాస్తా బీరువాలోంచి ఒక ఫైలు తీసి, అందులోని అర్జీని ఆమె ముందుకు జరిపాడు. గోడ కట్టిన వారానికే పెట్టుకున్నది. జీతం అక్కర్లేదు, ప్రతి ఆదివారం గోడ శుభ్రం చేసుకోవడానికి అనుమతిస్తే చాలని రాసి ఉంది.

కింద, కారణం తెలపమన్న చోట, పొందికైన చేతిరాతలో ఒక్కటే వాక్యం: "వీళ్ళను ఆ కొండ ఎక్కమని ఆజ్ఞ ఇచ్చిన కల్నల్‌ను నేనే."