ఎర్రదారం కుట్టు

"లడాక్‌ల రోడ్డు పనికి రోజుకు నలభై. గీడ పన్నెండే గదా," అన్నాడు గుంపు మేస్త్రీ. చెన్నయ్య కాగితం మీద వేలిముద్రకు చెయ్యి చాపాడు.

ఈదమ్మ మొగుడి చెయ్యి పట్టి ఆపింది. "ఆడ బియ్యమెంత? కట్టెలెంత?"

"అన్నీ మూడింతలు. అయినా మిగుల్తది. మీ తమ్ముడు ఆడ మంచిగనే ఉన్నడు గదా."

"మరి సలికి?"

"గొంగడి పైసల్లేకుంట ఊకెనే ఇస్త." మూటలోంచి ఒకటి తీసి ఆమె ముందేశాడు.

"ఇంకేం లెక్కలే నీకు?" చెన్నయ్య కసిరాడు.

ఈదమ్మ గొంగడి కొస తిప్పి చూసింది. ఎర్రదారం కుట్టు. పోయినేడు ఇదే మేస్త్రీ వెంట లడాక్ పోయిన తమ్ముడు బీరప్ప కోసం తన చేత్తో వేసిందే.

గొంగడిని మేస్త్రీ మొహం ముందు పట్టింది.

"బీరప్ప ఆడ మంచిగున్నడని ఇందాక జెప్తివి. మరి గా మంచుల వాడేం కప్పుకుంటుండు?"