వెండెల్ గారి సీసా

సంతలో ఒక ముసలావిడ, గాలికి బల్లమీది గుడ్డ ఎగిరిపోకుండా ఒక మూలన విస్కీ సీసా పెట్టింది.

దాన్ని చూడగానే క్లేబర్న్ ప్రూయిట్ అక్కడే ఆగిపోయాడు. టాలివర్ ఫోర్క్ రై విస్కీ! అది కాచిన బట్టీ కాలిపోయి అతని వయసంత కాలమైంది. కెంటకీలో ఆ సీసా గురించి మాట్లాడేవాళ్లే తప్ప కళ్లారా చూసినవాళ్లు లేరు. ఇక్కడ చూస్తే సీలు చెక్కుచెదరలేదు. మెడదాకా సరుకుంది.

క్లేబర్న్ లూయివిల్‌లో పళ్ల డాక్టరు. అది పొట్టకూటికి. అసలు పని సీసాల వేట. ఫలానా బట్టీ ఈ ఏడు కాసిని సీసాలే వదులుతుందని తెలిస్తే చాలు, మడత కుర్చీ పట్టుకెళ్లి దుకాణం ముందు కాపలా కూచుంటాడు. దుకాణంవాళ్ల పిల్లలకు ఊరికే పళ్లు సరిచేస్తాడు. తెలిసినవాళ్లెవరైనా పోతే అందరికంటే ముందు పరామర్శకు వెళ్తాడు. కాకపోతే పోయినాయన అలమరా నిండుగా ఉండాలి.

ఇంత పోగేసి, ఒక్క సీసా మూత తీసిన పాపాన పోలేదు.

"ఇల్లంతా విస్కీ. వచ్చినవాళ్లకి మాత్రం ఐస్ టీ," అని భార్య డీడ్రా దెప్పుతుంది. "నువ్వు పోయిన మర్నాడే అన్నీ తెరిచి ఊరందరికీ పోస్తాను చూడు."

ఆ భయంతోనే అతను రోజూ నడకకు వెళ్లి ఒళ్లు కాపాడుకుంటున్నాడు.

ఆ శనివారం బార్డ్స్‌టౌన్ అవతల పాత సామాన్ల సంతకు వచ్చింది కూడా వేటకే. సీసా వైపు చూడనట్టే ఆవిడ బల్లమీది జామ్ డబ్బాలు తిరగేశాడు.

"బ్లాక్‌బెర్రీది తీసుకో నాయనా. నా చేత్తో కాచిందే," అంది ఆవిడ. పేరు ఓపల్ స్టిన్నెట్. తల ముగ్గుబుట్ట.

"ఈ టోపీలూ గాలాలూ ఎవరివమ్మా?"

"మా వెండెల్‌వి." ఆవిడ ఒక టోపీ తీసి దుమ్ము దులిపింది. "ఇంక ఆయనకెందుకు?"

"అయ్యో! దేవుడే మీకు ధైర్యమివ్వాలి." క్లేబర్న్ కాసేపు తల వంచుకుని నిలబడ్డాడు. మర్యాదకు అది సరిపోతుందనిపించాక తల ఎత్తాడు. "ఆ పాత సీసా కూడా అమ్మేదేనా?"

"అదా? ఆయన ప్రాణమంతా దానిమీదే. పారేద్దామంటే చేతులు రావు. నాకు ఇవన్నీ తెలీవు, మంచిదేనంటావా?"

క్లేబర్న్ సీసాను వెలుతురుకు పెట్టి చూసి, మొహం చిట్లించాడు.

"పాత రై అమ్మా. గొంతు మండుద్ది. ఇప్పుడెవరూ ముట్టరు. నాకు పాత సీసాలంటే సరదా గనక అడిగానంతే."

పన్ను పీకేముందు "అబ్బే, నొప్పేం ఉండదు" అని చెప్పే గొంతే అది.

"డబ్బుకైతే ఇవ్వను," అంది ఓపల్. "ఒక్కటే కోరిక. స్లేట్ హాలో అని ఒక బర్బన్ విస్కీ వస్తుందటగా, వసంతంలో? మా వెండెల్ ఏటా వరసలో నిలబడేవాడు. ఏటా ముందువాడితోనే సరుకైపోయేది. అదొక్కటి తెచ్చిపెట్టు. నా చేత్తో ఆయనకి పోస్తాను."

స్లేట్ హాలో విస్కీని సమాధి మట్టిలో పోస్తుందట! క్లేబర్న్ దగ్గర ఉన్నదే ఒక్కటి. మంచువానలో కూచుని, ఆనక జ్వరంతో మంచం పట్టి సంపాదించినది.

"దాని బదులు వేరే బర్బన్ తెస్తానమ్మా. ఇంతకంటే పెద్ద సీసా."

"ఆయన కనిపెట్టేస్తాడు నాయనా."

ముసలిదానికి మతి చలించిందనుకున్నాడు. అయినా టాలివర్ ఫోర్క్ ముందు స్లేట్ హాలో ఎంత? ఏనుగునిచ్చి ఎలుకను అడుగుతోంది పిచ్చితల్లి.

మర్నాడు చర్చి అయ్యాక ఆవిడ ఇంటికెళ్లాడు. గోడమీద వెండెల్ ఫోటో ఉంది. చేతిలో ఇంత పొడుగు చేప, మొహం నిండా నవ్వు. క్లేబర్న్ దానిముందు టోపీ తీశాడు. ఓపల్ ఏప్రన్‌తో కళ్లొత్తుకుంది.

రెండు సీసాలూ చేతులు మారాయి. స్లేట్ హాలో సీసాని వదిలేటప్పుడు అతని వేళ్లు కొంచెం మొండికేశాయి.

"ఒక్కమాట," అంది ఓపల్, అతని చెయ్యి పట్టుకుని. "ఇంటికి తీసుకెళ్లి దీన్ని తాగేస్తావా?"

"నేనా? ప్రాణం పోయినా మూత తియ్యను."

"స్నేహితులకి?"

"వాసన కూడా చూపించను. మా అమ్మమీద ఒట్టు."

"హమ్మయ్య." ఆవిడ గుండెమీద చెయ్యేసుకుంది. "నీలాంటివాడి చేతిలో పడింది. ఇంక నాకు దిగులు లేదు."

కారు దాకా వచ్చి ఒక జామ్ డబ్బా ఊరికే చేతిలో పెట్టింది. అప్పుడు మాత్రం క్లేబర్న్‌కు ఎక్కడో చురుక్కుమంది. దిక్కులేని ముసలమ్మను, అందులోనూ ఆదివారం పూట! సీసాను పక్క సీట్లో కూచోబెట్టి బెల్టు బిగించేసరికి ఆ చురుకు కూడా సర్దుకుంది. దారంతా ఈల వేసుకుంటూ వెళ్లాడు.

కారు మలుపు తిరిగేదాకా ఓపల్ చెయ్యి ఊపుతూనే ఉంది.

తర్వాత లోపలికొచ్చి, తలుపు గడియపెట్టి, స్లేట్ హాలో మూత లాగి, కళ్లు మూసుకుని ఒక్కసారి వాసన పీల్చి, నేలమాళిగ మెట్ల దగ్గర నిలబడి కేకేసింది: "వెండెల్, మిగతా టాలివర్ ఫోర్క్ సీసాలు రేపు నింపుదువుగాని, ఆ గరాటు అక్కడ పడేసి రెండు గ్లాసులు పట్టుకుని పైకి రా!"