తోలు సార్ జవాబు

ఎనిమిదో పడక ఫొటోలు పంపి అయిదు గంటలైంది. తోలు సార్ దగ్గర్నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు.

తోలు సార్ అంటే చర్మవ్యాధుల డాక్టరు. ఆ ఆస్పత్రిలో అలాంటి డాక్టరు లేడు. వార్డులో ఎవరి ఒంటిమీదైనా మచ్చో పొక్కో తేలితే నర్సు ఫొటో తీసి యాప్‌లో పెట్టాలి. ఎక్కడో కూర్చున్న ఆయన చూసి, ఏం చెయ్యాలో రాసి పంపుతాడు. ఆయన మొహం ఎవరూ చూడలేదు, గొంతు ఎవరూ వినలేదు. పేరుండాల్సిన చోట ‘చర్మ నిపుణుడు-4’ అని ఉంటుంది, అంతే. ఫొటో మసగ్గా ఉంటే మాత్రం రెండు ముక్కల్లో తోలు తీసేస్తాడు. ‘కిటికీ దగ్గర తీయండి, పక్కన స్కేలు పెట్టండి, నేను మంత్రగాణ్ణి కాను’ అని. ఆ బిరుదు అలా వచ్చింది.

పెద్ద నర్సుకి లోలోపల ఆయనంటే గౌరవమే. ఈ ఏడాదిలో జవాబు ఒక్కసారి కూడా పావుగంట దాటనివ్వలేదు. అలాంటి మనిషి ఇవాళే మొహం చాటెయ్యాలా?

ఎనిమిదో పడక మనిషిని నిన్న పొద్దున ఇంటి ఓనరు కారులో వేసుకొచ్చాడు. పైవాటాలో అద్దెకుంటాడట. మూడు నెలలైందట వచ్చి. నా అన్నవాళ్ళెవరూ రాగా చూడలేదట. రోజంతా తలుపేసుకుని కంప్యూటరు ముందే ఉంటాడనీ, పలకరిస్తే నవ్వి ఊరుకుంటాడనీ చెప్పాడు ఓనరు. నాలుగైదు రోజుల నుంచి జ్వరమట. ఏవో మాత్రలు మింగుతున్నాడట. ఏం మాత్రలో ఈయనకి తెలీదు. ఆ మాటకొస్తే ఆయన పేరూ సరిగ్గా తెలీదు. ఇంట్లో అందరూ ‘పైవాటా ఆయన’ అంటారు. రిజిస్టర్లోనూ అదే ఎక్కింది.

ఆ పైవాటా ఆయన ఇప్పుడు నోరు తెరవలేడు, పెదవులన్నీ పుళ్ళు. రెప్పలు వాచి కళ్ళు మూసుకుపోయాయి. వేళ్ళకి కట్లు కట్టారు. పక్కకి తిప్పితే వీపు మీది చర్మం దుప్పటితో పాటు ఊడొస్తోంది. ముప్పై ఏళ్ళ సర్వీసులో పెద్ద నర్సు ఇలాంటిది ఎన్నడూ చూడలేదు.

డ్యూటీ డాక్టరు చదువు పూర్తయి ఆరు నెలలు కాలేదు. అతను నర్సుని పక్కకి పిలిచాడు.

“ఇది క్రిముల వల్లయితే మనమిస్తున్న ఈ ఇంజెక్షను ఒక్క డోసు కూడా ఆపకూడదు సిస్టర్. ఏదైనా మందు ఒంటికి సరిపడక వచ్చిందైతే ఒక్క డోసు కూడా ఇవ్వకూడదు. ఏదో నాకు తెలీడం లేదు. పెద్దాస్పత్రికి పంపుదామంటే దారిలోనే పోతాడేమో.”



నిన్నటి నుంచి మూడు డోసులు పడ్డాయి. మందు పేరు పైకి చెప్పి ఇవ్వడం వార్డు పద్ధతి. పేరు చెప్పగానే పైవాటా ఆయన చెయ్యి వెనక్కి లాక్కునేవాడు. అంత మనిషికి సూదంటే అంత భయమేమిటా అనుకునేది నర్సు. ఆయా చేత చెయ్యి పట్టించి మరీ ఇచ్చేది.

పన్నెండింటికి ఉండబట్టలేక యాప్ ఆఫీసుకి ఫోన్ చేసింది. ఆ డాక్టరుగారు మూడు రోజులుగా యాప్ తెరవలేదనీ, కేసు ఇంకొకరికి మార్చాలంటే రేపవుతుందనీ తాపీగా చెప్పాడు అక్కడి గుమస్తా. ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

“రేపటిదాకా ఇక్కడ మనిషి ఉండడు బాబూ. ఆయన నంబరివ్వు, నీకు పుణ్యముంటుంది.”

ఇవ్వకూడదని నసిగాడు. పాపం, చివరికి ఇచ్చాడు. చేస్తే స్విచ్చాఫ్.

మళ్ళీ ఫొటోలు తీసింది. కిటికీ దగ్గర, స్కేలు పెట్టి, ఆయనకి నచ్చేలాగే తీసింది. కింద రాసింది: ‘సార్, ఒక్క ముక్క చాలు. ఇవ్వాలా, ఆపాలా?’

రెండు కావస్తుండగా డ్యూటీ డాక్టరు గడియారం చూసి, ఆమె కళ్ళలోకి చూడకుండా అన్నాడు.

“ఇచ్చెయ్యండి సిస్టర్. ఆపే ధైర్యం నాకు లేదు.”

నర్సు ట్రే పట్టుకుని ఎనిమిదో పడక దగ్గరికి వెళ్ళింది. ఇంటి ఓనరు అప్పుడే వచ్చినట్టున్నాడు, స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఉతికిన బట్టల సంచి ఒళ్ళో ఉంది. పాపం మంచివాడే, ఏమీ కానివాడి కోసం రెండోసారి వచ్చాడు.

ఆమె మందు పేరు చెప్పింది.

పైవాటా ఆయన చెయ్యి లాక్కున్నాడు. తల అటూ ఇటూ అడ్డంగా ఊపాడు. దిండుకి నెత్తురు మరకలయ్యాయి. కట్టు కట్టిన చేత్తో మంచం అంచు మీద టకటకా కొట్టాడు. గొంతులో ఏదో శబ్దం వచ్చింది గానీ మాట కాలేదు.

“ఓర్చుకో నాయనా, నీ మంచికే,” అంటూ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. పట్టుకుంటే ఆమెకే ఏడుపొచ్చింది. ఇవ్వబోతున్నది మందో విషమో తెలియకుండా ఎన్నడూ ఇవ్వలేదు. ఎక్కడ చచ్చాడో ఆ పెద్దమనిషి, ఇలాంటివాడికి డాక్టరు చదువెందుకని కసిగా తిట్టుకుంది.

సిరంజి ట్రేలో పెట్టేసింది. ఆఖరిసారి అనుకుని తన ఫోన్లో తోలు సార్ నంబరు నొక్కింది.

ఈసారి రింగయింది. ఆమెకి ప్రాణం లేచొచ్చింది.

ఇంటి ఓనరు కంగారుగా బట్టల సంచిలో చెయ్యి పెట్టి, మోగుతున్న ఫోను బయటికి తీసి, “నాది కాదమ్మా, పైవాటా ఆయనదే, చార్జింగు పెట్టి ఇప్పుడే తెచ్చాను” అన్నాడు.