ఆల్బీ మోకాలు

లోర్నా తలుపు తీసుకుని లోపలికి వచ్చేసరికి ఆమె తండ్రి ఆల్బీ చటుక్కున టీవీ ఛానల్ మార్చేశాడు.

"ఏం చూస్తున్నావు నాన్నా?"

"తోటపని."

"గులాబీలకి నీళ్లు పోస్తే ఎవరైనా అంతలా కేకలు పెడతారా? వీధి చివరిదాకా వినిపించాయి. మళ్లీ ఆ గ్యాంగ్‌స్టర్ సినిమాలేనా? ఒకణ్ణొకడు సుత్తులతో కొట్టుకుంటుంటే చూసి మురిసిపోవడానికి సిగ్గుగా లేదూ? పాత రోజులు గుర్తొస్తున్నాయా?"

ఆల్బీ కుడికాలు వంగదు. వయసులో ఉండగా ఏదో ముఠాలో తిరిగి, తగాదాలో మోకాలు విరగ్గొట్టించుకున్నాడని వాళ్లుండే బెర్మండ్సే పేటంతా నమ్మింది. ఆ సిగ్గుతోనే లోర్నా చిన్నప్పుడు ఏ స్నేహితురాలినీ ఇంటికి పిలవలేదు.

"ముఠా లేదు, ఏమీ లేదు," అన్నాడు ఆల్బీ టీ తాగుతూ. "నేను చేపలు వేయించే కొట్టులో పనిచేసేవాణ్ణి. ఇద్దరొచ్చి మోకాలు విరగ్గొట్టారు. వెళ్తూ వెళ్తూ ఒకడు, 'వీడు కాదేమోరా' అన్నాడు."

"మరి ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"ఉత్తపుణ్యానికి తన్నులు తిన్నానని ఏం చెప్పుకోనమ్మా? ముఠావాడంటే కాస్త మర్యాదగా ఉంది."

"అయినా ఈ సినిమాలు ఎలా చూడబుద్ధేస్తుంది నీకు?"

"వీటిలో కొట్టే ముందు పేరు అడుగుతారు. ఎందుకు కొడుతున్నారో కూడా చెబుతారు."

లోర్నా కోటు విప్పి తండ్రి పక్కన కూర్చుంది. రిమోట్ అందుకుని మళ్లీ ఆ సినిమానే పెట్టింది.

"వాణ్ణి కుర్చీకి ఎందుకు కట్టేశారు?" అంది కాసేపటికి.

ఆల్బీ హుషారుగా కథంతా మొదటినుంచీ చెప్పుకొచ్చాడు.