తీసివేత

పాఠం చెప్పమని వచ్చిన మనిషిని చూసి మాస్టారు తెల్లబోయారు. యాభై ఏళ్లావిడ. మెడలో కొలతల టేపు, వేళ్ల చివర సూది పోట్లు. రెండు వీధుల అవతల బట్టలు కుడుతుందట.

“డైరెక్షనల్ కప్లర్ లెక్క నేర్చుకోవాలండి,” అంది.

మైక్రోవేవ్ ల్యాబులో ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరైన ఆయన్ని ఇంతవరకూ ఏ దర్జీ అలాంటి కోరిక కోరలేదు. ఎందుకమ్మా అని అడిగారు.

“ట్రాన్స్‌మిటర్ స్టేషన్లో మంటలు... మా అబ్బాయి...” అని ఆగిపోయింది.

ఆయన ఇంకేమీ అడగలేదు. ఊరంతటికీ తెలిసిందే. కిందటి నెల ఆ మంటల్లో, డ్యూటీలో ఉన్న కుర్రాడు కాలిపోయాడు. వెనక్కి తిరిగొచ్చే శక్తిని పసిగట్టి మెషిన్ని ఆపించాల్సిన కప్లర్ ఆ పని చెయ్యలేదని అందరి అనుమానం. దాన్ని పరీక్షించి రాసిన కాగితం మాత్రం పోయిందని కంపెనీ చేతులెత్తేసింది.

ఆమె రోజూ మధ్యాహ్నం వచ్చేది. ఆయన ఓపిగ్గా చెప్పేవారు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తాం కదమ్మా, ఇదీ అంతే అన్నారు. గొట్టంలో పోయే శక్తిలోంచి కప్లర్ పిసరంత పక్కకు తీసి చూపిస్తుంది. ఎంత తీస్తుందో చెప్పేది కప్లింగ్. ఎదురు దిక్కుది అందులో కలవకుండా ఎంత ఆపుతుందో చెప్పేది ఐసోలేషన్. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే డైరెక్టివిటీ. వచ్చేదేదో, పోయేదేదో విడదీసి చెప్పగల గుణం. అది లేని కప్లర్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

“యాభైలోంచి ఇరవై పోతే ముప్ఫై. మంచిదేనాండి?”

“మేలురకం. పాతికకు తగ్గితే మాత్రం పక్కన పడేయాల్సిందే.”

పదో రోజున ఆమె ఒక కాగితం తెచ్చింది. కింది భాగం మడిచి ఉంది. కప్లింగ్ ఇరవై. ఐసోలేషన్ ఇరవై ఎనిమిది. డైరెక్టివిటీ గడిలోనూ ఇరవై ఎనిమిదే. పక్కన ‘పాస్’ ముద్ర.

మాస్టారు కళ్లజోడు సర్దుకుని మళ్లీ చదివారు. పోయిందన్న కాగితం ఇదే. కడుపుకోత మనిషి చేత ఎక్కడెక్కడ వెతికించిందో అనుకున్నారు.

“ఎనిమిదే కదండీ రావాలి?” అడిగింది.

“ఎనిమిదే. వెధవ, తీసివేత చెయ్యనే లేదు. పై గడిలో అంకె కిందకి దించేశాడు.”

“తొందరలో ఉన్నాడేమో.”

“తొందరేంటమ్మా, అవతల నిండు ప్రాణం పోతే?” ఆయనకు ఒళ్లు మండిపోయింది. “వాణ్ణి వదలకూడదు.”

ఆమె తలొంచుకుని ఆ లెక్క మళ్లీ వేసింది. మూడుసార్లు వేసింది. మూడుసార్లూ ఎనిమిదే వచ్చింది. పెన్సిలు కింద పెట్టి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మాస్టారు మంచినీళ్ల గ్లాసు ఆమె ముందుకు జరిపారు.

మర్నాడు ఆ ప్రమాదం మీద జరిగే విచారణకు ఆయనా వెంట వెళ్లారు. ఆధారం లేదు కాబట్టి అధికారులు దురదృష్టమని రాసి ముగించబోతున్నారు. ఆమె లేచి, కాగితం బల్ల మీద పెట్టి, తీసివేత ఎక్కడ జరగలేదో వేలు పెట్టి చూపించింది. ఒక్క అంకె తడబడలేదు. మాస్టారి కళ్లు చెమర్చాయి.

అధికారి మడత విప్పి, అడుగున సంతకం చూసి, ఇది మీ చేతికెలా వచ్చిందమ్మా అని అడిగాడు.

“మా అబ్బాయి పరుపు కింద దొరికిందండి,” అందామె, “ఆ సంతకం వాడిదే, ఇంట్లోనే ఉన్నాడు.”