ఏ ఆయిల్ పొయ్యాలి?

"ఏదో ఒకటి పోసెయ్యవయ్యా బాబూ! కొంప మునుగుతోందంటే నీకు అర్థం కాదా?"

పెద్దమనిషి అరుపుకి షెడ్డు రేకులు అదిరాయి. ఆయన తెల్ల కారు లిఫ్టు మీద గాల్లో ఉంది. గేర్‌బాక్సులోని పాత ఆయిలంతా కింద ట్రేలోకి దిగిపోయింది. మెకానిక్ మాత్రం బల్ల మీద మూడు డబ్బాలు పెట్టుకుని కళ్లజోడు తుడుచుకుంటున్నాడు.

"ఏదో ఒకటి పోస్తే గేర్లు పట్టవు సార్. ఆటోమేటిక్ బండి. దీనికి రాసిపెట్టిన ఆయిలే పొయ్యాలి."

"మూడూ ఎర్రగానే ఉన్నాయిగా!"

"రంగు చూసి పోస్తే గేర్‌బాక్స్ గోవిందా!"

గోడ గడియారంలో పావు తక్కువ నాలుగు. నాలుగింటికి రిజిస్ట్రార్ ఆఫీసులో పెద్దమనిషి కూతురి పెళ్లి. ఆ సంగతి ఆ తండ్రికి తెలిసి గంట కూడా కాలేదు. ఎలాగైనా ఆపాలని ఆదరాబాదరా బయల్దేరితే, ఈ షెడ్డు ముందు స్పీడ్‌బ్రేకర్ దగ్గర మెకానిక్ చేతులూపుతూ అడ్డం వచ్చాడు. "సార్, ఆయిల్ కారిపోతోంది!" దిగి చూస్తే నిజమే, కారు కింద ఎర్రటి మడుగు. ఐదు నిమిషాల్లో పంపించేస్తానన్నాడు. పాపం, పెద్దమనిషి నమ్మి తాళాలిచ్చాడు.

"వాడెవడో, ఎవడి కొడుకో కూడా నాకు తెలీదు. నన్నొక్క మాట అడగలేదయ్యా నా కూతురు!"

పెద్దమనిషి రోడ్డు మీదికి పరిగెత్తి రెండు ఆటోలకి చెయ్యెత్తాడు. రెండూ నిండుగా ఉన్నాయి, ఆగలేదు. ఉసూరుమంటూ మళ్లీ లోపలికొచ్చాడు.

మెకానిక్ డాష్‌బోర్డు అరలోంచి బండి పుస్తకం తీసి మొదటి పేజీ తెరిచాడు.

"మొదటి పేజీ నుంచా!"

"విషయసూచిక సార్."

ఒక్కో వరుస మీదా వేలు పెట్టుకుని చదువుతున్నాడు. నూనె మరకల పని చొక్కా కింద కొత్త చొక్కా కాలరు చెమటకి తడిసిపోయింది. పేజీ తిప్పినప్పుడల్లా గడియారం వంక చూస్తున్నాడు.

"తొందరపడి ఒకటి పోసేశామనుకోండి, తర్వాత జీవితాంతం ఏడవాలి."

"సరిగ్గా అదే మా అమ్మాయికి చెబుదామని వెళ్తుంటే నువ్వు ఆపావు కదయ్యా!"

నాలుగూ పదికి మెకానిక్ ఫోను మోగింది.

"ఆ... అయిపోయిందా? ఇద్దరూ సంతకాలు పెట్టేశారా?"

ఒక్క గెంతు గెంతాడు. పుస్తకం అవతల పడేశాడు. మధ్య డబ్బా అందుకుని, మీద పేరైనా చూడకుండా, పంపుతో గబగబా ఆయిలెక్కించాడు. కారు కిందికి దించి స్టార్ట్ చేశాడు. గేర్లు వెన్నలా పడ్డాయి.

పెద్దమనిషి నోరెళ్లబెట్టాడు. "ఇందాకట్నుంచీ నా ప్రాణం తోడేశావు. ఇప్పుడు చూడకుండా ఎలా పోశావు?"

"దీనికి ఏ ఆయిలో కనుక్కుని పొద్దున్నే తెచ్చి పెట్టుకున్నాను."

"పొద్దున్నేమిటి? నా బండి పాడైంది మూడున్నరకి కదా!"

"మీ బండికేం కాలేదు. రోడ్డు మీద ఆ ఎర్రాయిల్ ఒలకబోసింది నేనే."

మెకానిక్ పని చొక్కా విప్పేసి, కొత్త చొక్కా సర్దుకుని, కారు తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"ఎక్కండి బావగారూ! మా కోడలు మీ కోసం ఆఫీసు గుమ్మంలోనే నిలబడిందట."