ఆ గోడ మావాడు వేసింది

"ఆ ఫొటో తీసెయ్యమ్మా," అన్నాడు మేనేజరు, కుట్టుమిషను ముందు నిలబడి.

"తియ్యను," అంది అక్క, కాలు ఆపకుండా.

మేనేజరు వెనక గోడకు బల్లిలా అతుక్కుపోయాడు తమ్ముడు. వాడు పనిచేసేది వీడియో గేములు తయారుచేసే కంపెనీలో. వాడు గీసేది వీరుణ్ణి కాదు, రాక్షసుణ్ణీ కాదు. వాళ్ళిద్దరూ కొట్టుకునే సందులో గోడలు. ఆడేవాళ్ళు కత్తి దూసి ఆ సందులో పరుగెత్తడమే గాని, తల తిప్పి గోడ వంక చూసిన పాపాన పోరు.

అక్క చూసింది. ఆటలోకి దూరి, ఆ గోడ ముందు ఆగి, పెచ్చులూడిన సున్నాన్నీ వాననీళ్ళు కారిన చారల్నీ ఫొటో తీసింది. తీస్తూ ఉండగానే రాక్షసుడు వెనక నుంచి వచ్చి ఆమెను చంపేశాడు. చస్తే చచ్చాననుకుని, ఆ ఫొటోను ఆన్‌లైన్‌లో వీడియో గేముల్లోని బొమ్మలంటే పడిచచ్చేవాళ్ళ గ్రూపులో పెట్టింది. కింద 'ఈ గోడ మా తమ్ముడు వేసింది' అని రాసింది.

గ్రూపు జనం ఎగబడ్డారు. 'మరి ఆ ఆకాశం ఎవరు వేశారు? ఆ మెట్లు ఎవరు వేశారు?' అంటూ కంపెనీని నిలదీశారు. దాంతో మేనేజరు నేరుగా అక్క బట్టలు కుట్టే కొట్టుకే వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా నిలబడ్డాడు.

"ఓనరుగారు లైన్లో ఉన్నారు," అని ఫోను తీసి బట్టలు కత్తిరించే బల్ల మీద పెట్టాడు. "కంపెనీలో వేసిన బొమ్మ కంపెనీది. వేసినవాళ్ళ పేర్లు బయట చెప్పకూడదు. అది రూలు."

"బొమ్మ మీదే, ఎవరు కాదన్నారు? గోడ పీక్కొచ్చి నా ఇంట్లో పెట్టుకున్నానా? వేసిందెవరో చెప్పానంతే."

"అక్కా, ఊరుకోవే," గొణిగాడు తమ్ముడు. "ఉద్యోగం ఊడుతుంది."

"నువ్వు నోరుముయ్యి. ఆ ఒక్క గోడకి తిండీ నిద్రా మానేసి కూర్చున్నావు. తీరా చెప్పుకోడానికి నీకే సిగ్గా?"

బల్ల మీది ఫోను దగ్గింది. "ఇదిగోమ్మా, జనం వీరుణ్ణి చూసి ఆట కొంటారు. గోడల్ని చూసి ఎవడు కొంటాడు?"

"అయితే గోడలు తీసేసి అమ్ముకోండి బాబూ. మీ వీరుడు గాల్లో కొట్టుకుంటాడు."

తమ్ముడికి నవ్వొచ్చింది. చేత్తో నోరు నొక్కుకున్నాడు.

"రేపు పొద్దుటికల్లా అది తియ్యకపోతే," అంది ఫోను, "మీవాడు పనిలోకి రానక్కర్లేదు."

మిషను ఆగింది. అక్క మొదటిసారి తలెత్తి తమ్ముడి వంక చూసింది. తనకేమైనా ఫరవాలేదు. కాని వాడి కూడు వాడిది, వాడే చెప్పాలి.

తమ్ముడు గోడను వదిలి ముందుకొచ్చాడు. మొహం పాలిపోయి ఉంది.

"తియ్యొద్దక్కా," అన్నాడు. "మెట్లు కూడా నేనే వేశాను. అవీ పెట్టు."

"విన్నారుగా!" అంది అక్క ఫోనుతో. మళ్ళీ మిషను తొక్కింది.

"ఏమయ్యా మేనేజరూ, గుడ్లప్పగించి చూస్తున్నావా? గట్టిగా చెప్పు!" అని కేకేశాడు ఓనరు.

మేనేజరు మొహం కందగడ్డ అయింది. బల్ల మీద గుద్దాడు. కత్తెర ఎగిరి కింద పడింది.

"ఇదే ఆఖరి మాట! ఇంకొక్క ఫొటో పెట్టారంటే అక్కాతమ్ముళ్ళ అంతు చూస్తాం! ఏమనుకుంటున్నారో!" అని అరిచి, ఫోను కట్టేసి జేబులో పడేసుకుని, విసవిసా గుమ్మం దాకా వెళ్ళాడు.

అక్కడ ఆగాడు. వీధిలోకి అటూ ఇటూ చూశాడు. తలుపు దగ్గరగా వేసి వెనక్కి వచ్చి, గొంతు బాగా తగ్గించి అన్నాడు:

"అమ్మా, అదే ఆటలో రేవు దగ్గర ఓ పాత పడవ ఉంటుంది. రేపు దాన్ని కూడా పెట్టండి. అది నేను వేసింది."